54 వేల మంది ఉన్న దేశం, యూరప్ టోర్నీలు: ఫారో దీవుల క్లబ్బులకి నిజంగా ఛాన్స్ ఉందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫారో దీవుల క్లబ్ ఒకటి 2023లో ఫ్రాన్స్ జట్టు లీల్‌ని ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదని చదివారు. ఆ దేశం మొత్తం జనాభా 54 వేలు. ఇలాంటి చిన్న దేశాల క్లబ్బులకి యూరప్ టోర్నీల్లో నిజంగా అవకాశం ఉందా, లేక ఎప్పుడో ఒకసారి కలిసొచ్చే అదృష్టమా? దీని నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ నేర్చుకునేది ఏమైనా ఉందా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. అవకాశం ఉంది, అది ఉత్త అదృష్టం కాదు. కానీ ఆ అవకాశం కప్పు గెలవడంలో లేదు, క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి గ్రూప్ దశకి (ఇప్పుడు దాన్ని లీగ్ దశ అంటున్నారు) చేరడంలో ఉంది. ఆ దారి కూడా దాదాపుగా దేశ చాంపియన్ ఒక్కడికే తెరిచి ఉంటుంది. రెండో స్థానంలో వచ్చిన క్లబ్బుకి అదే దేశం నుంచి అదే గమ్యానికి వెళ్ళడం చాలా కష్టం. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

నేను డెన్మార్క్‌లో ఉంటాను. ఉద్యోగం ఐటీలో. దానితోపాటు చాలా ఏళ్ళుగా ఇక్కడి ఒక చిన్న క్లబ్‌కి ప్రత్యర్థుల వీడియోలు చూసి రిపోర్టులు రాస్తున్నాను, కొత్త ఆటగాళ్ళని తీసుకునే ముందు వాళ్ళ పాత మ్యాచ్‌లు చూసి అభిప్రాయం చెప్తున్నాను. ఫారో దీవులు డెన్మార్క్ రాజ్యంలో స్వపరిపాలన ఉన్న భాగం, అక్కడి కుర్రాళ్ళు ఇక్కడి లీగుల్లోకి తరచూ వస్తుంటారు. అందుకని వాళ్ళ లీగ్ మ్యాచ్‌లు చూడటం నా పనిలో భాగమైపోయింది. చిన్న దేశాల్లో నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి దీని మీదే ఎక్కువ చెప్తాను.

కొలత కోసం ఒక మాట. 18 దీవులు కలిపినా బాపట్ల పట్టణంలో ఉన్నంత మంది ఉండరు. మీరు చదివిన ఆ క్లబ్ పేరు కేఐ. దాని ఊరు క్లాక్స్‌విక్, చేపల రేవు, జనాభా సుమారు 5 వేలు. ఫారోలో 1942లో మొదలైన లీగ్‌ని మొట్టమొదట గెలిచింది కూడా ఈ క్లబ్బే.

2023లో అసలు ఏం జరిగింది

కేఐ ఫారో చాంపియన్‌గా చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీల్లో అన్నిటికంటే పెద్దది) క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లో అడుగుపెట్టింది. ఎదురుగా హంగరీ చాంపియన్ ఫెరెన్స్‌వారోష్. అంతకుముందు సీజన్‌లోనే రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్‌లో మొనాకో ఉన్న గ్రూపులో మొదటి స్థానంలో నిలిచిన జట్టు అది. ప్రతి రౌండ్‌లో ఇంట్లో ఒక మ్యాచ్, బయట (ప్రత్యర్థి ఊళ్ళో) ఒక మ్యాచ్ ఆడి, రెండిటి గోల్స్ కలిపి చూస్తారు. సొంత ఊళ్ళో 0-0. బుడాపెస్ట్‌లో కేఐ 3-0తో గెలిచింది, అందులో రెండు గోల్స్ ఆర్ని ఫ్రెడరిక్స్‌బెర్గ్‌వి. ఆ ఓటమి తర్వాత వెంటనే ఫెరెన్స్‌వారోష్ తన కోచ్ చెర్చెసోవ్‌ని తీసేసింది.

రెండో రౌండ్‌లో స్వీడన్ చాంపియన్ హాకెన్. ఇంట్లో 0-0, స్వీడన్‌లో ఎక్స్‌ట్రా టైమ్ కలుపుకుని 3-3, పెనాల్టీ షూటౌట్‌లో కేఐ 4-3. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. బయట కొట్టిన గోల్స్‌కి ఎక్కువ విలువనిచ్చే పాత నియమాన్ని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2021లో ఎత్తేసింది. ఆ నియమం ఉండి ఉంటే కేఐ షూటౌట్ అవసరం లేకుండానే పైకి వెళ్ళేది. అంటే పెనాల్టీలలో కలిసొచ్చి గట్టెక్కారు అనే మాట పూర్తిగా నిజం కాదు.

మూడో రౌండ్‌లో నార్వే క్లబ్ మోల్డే మీద ఇంట్లో 2-1తో గెలిచి, బయట ఎక్స్‌ట్రా టైమ్‌లో 0-2తో ఓడిపోయింది. తర్వాత యూరోపా లీగ్ ప్లేఆఫ్‌లో (గ్రూప్ దశకి ముందు ఆఖరి రౌండ్) మాల్డోవా క్లబ్ షెరిఫ్‌తో 1-1, 1-2. వరసగా రెండు రౌండ్లు ఓడినా కేఐ మూడో స్థాయి టోర్నీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశలోకి వెళ్ళింది. ఫారో నుంచి ఏ క్లబ్ అయినా గ్రూప్ దశ ఆడటం అదే మొదటిసారి.

ఓడిపోతూ ఎలా వెళ్ళింది? మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది.

చాంపియన్ల దారి

2009 నుంచి చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌ని రెండు దారులుగా విడదీశారు. మిషెల్ ప్లాటినీ యూఈఎఫ్ఏ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు తెచ్చిన మార్పు ఇది. చిన్న, మధ్యస్థాయి దేశాల చాంపియన్లు ఒక దారిలో తమలో తామే ఆడుకుంటారు. పెద్ద లీగుల్లో మూడో నాలుగో స్థానాల్లో వచ్చిన డబ్బున్న క్లబ్బులు రెండో దారిలో ఆడతాయి. దానివల్ల ఫారో చాంపియన్‌కి జులైలో ఎదురయ్యేది హంగరీ, స్వీడన్, స్లొవేకియా చాంపియన్లే తప్ప ఇంగ్లండ్, స్పెయిన్ క్లబ్బులు కాదు.

2021లో మూడో టోర్నీగా కాన్ఫరెన్స్ లీగ్ వచ్చాక ఈ దారికి కింద మెట్లు కూడా ఏర్పడ్డాయి. చాంపియన్స్ లీగ్ మూడో రౌండ్‌లో ఓడితే యూరోపా లీగ్ ప్లేఆఫ్. అక్కడా ఓడితే నేరుగా కాన్ఫరెన్స్ లీగ్. కాబట్టి మొదటి రెండు రౌండ్లు గెలిచిన రాత్రే కేఐకి గ్రూప్ దశ ఖాయమైపోయింది. ఒకవేళ మొదటి రౌండ్ గెలిచి రెండోది ఓడినా ఇంకా దారి ఉంటుంది. యూరోపా లీగ్ మూడో రౌండ్‌కి వెళ్ళి, అక్కడా ఓడితే కాన్ఫరెన్స్ లీగ్ ప్లేఆఫ్ దొరుకుతుంది. అది గెలిస్తే చాలు.

2021లో జిబ్రాల్టర్ క్లబ్ లింకన్ రెడ్ ఇంప్స్ సరిగ్గా ఇలాగే వెళ్ళింది. చాంపియన్స్ లీగ్‌లో క్లుజ్ చేతిలో, యూరోపా లీగ్‌లో స్లోవాన్ బ్రాటిస్లావా చేతిలో ఓడి, కాన్ఫరెన్స్ లీగ్ ప్లేఆఫ్‌లో లాట్వియా క్లబ్ రీగాని దాటి గ్రూప్ దశకి చేరింది. 2023లో ఐస్‌లాండ్ క్లబ్ బ్రేదాబ్లిక్ కూడా మధ్యలో రెండుసార్లు ఓడి, చివరి మెట్టు మీద నిలబడి గ్రూప్ దశకి చేరిందే.

ఇప్పుడు అదే ఫారో లీగ్‌లో రెండో స్థానం వచ్చిన క్లబ్‌ని తీసుకోండి. అది కాన్ఫరెన్స్ లీగ్ మొదటి రౌండ్ నుంచి మొదలుపెట్టి వరసగా నాలుగు రౌండ్లు గెలవాలి. ఒక్కటి ఓడినా ఇంటికే. పైకి పోయేకొద్దీ పెద్ద లీగుల క్లబ్బులు తగులుతాయి. ఫారోలో టైటిల్ గెలవడానికీ రెండో స్థానానికీ మధ్య తేడా ఒకటి రెండు పాయింట్లే కావచ్చు, యూరప్‌లో మాత్రం అది మూడు నాలుగు రెట్ల తేడా అవుతుంది. అందుకే అక్కడి క్లబ్బుల వాళ్ళతో మాట్లాడితే అక్టోబర్‌లో టైటిల్ కోసం పడే టెన్షన్ వచ్చే జులై గురించే అని తెలుస్తుంది.

ఇంకో చిన్న కిటుకు ఉంది, అది డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసి తేల్చడంలో. ఒక రౌండ్ ఆట పూర్తి కాకముందే తర్వాతి రౌండ్ డ్రా తీస్తారు. ఎవరు గెలుస్తారో ఇంకా తెలియదు కాబట్టి, ఆ జంటలో పాత యూరప్ ఫలితాల లెక్కలో ఎక్కువ పాయింట్లున్న క్లబ్ సీడింగే (బలమైన క్లబ్బులు ముందే ఒకదానికొకటి తగలకుండా చేసే వరస) గెలిచినవాళ్ళకి వర్తిస్తుంది. అంటే చిన్న క్లబ్ ఒక పెద్ద క్లబ్‌ని ఓడిస్తే దాని స్థానంతో పాటు దాని సీడింగ్ కూడా దక్కుతుంది, తర్వాతి రౌండ్‌లో మరీ పెద్ద ప్రత్యర్థి తగలదు. ఫెరెన్స్‌వారోష్‌ని ఓడించడం వల్ల కేఐకి అలాంటి లాభమే దొరికింది. మొదటి దెబ్బ గట్టిగా కొడితే రెండో మెట్టు కాస్త తగ్గుతుంది.

జులై అనే నెల

ఫారో లీగ్ మార్చిలో మొదలై అక్టోబర్ చివరికి ముగుస్తుంది. చలికాలంలో అక్కడి గాలివానల్లో ఆడటం కుదరదు. కాబట్టి జులైలో క్వాలిఫయింగ్ మొదలయ్యేసరికి ఫారో ఆటగాళ్ళు సీజన్ మధ్యలో, మంచి ఊపు మీద ఉంటారు. హంగరీ, స్లొవేకియా, బల్గేరియా క్లబ్బులు అప్పుడే సెలవుల నుంచి వచ్చి ఉంటాయి. కొత్త ఆటగాళ్ళు ఇంకా కలవలేదు, అమ్మాల్సినవాళ్ళు మనసులో అప్పటికే వెళ్ళిపోయారు, కోచ్ ఏ పదకొండు మందిని దించాలో తేల్చుకోలేదు.

నా పనిలో ఇది ఏటా చూస్తాను. మా కంటే పెద్ద క్లబ్బుల్లో పనిచేసే ఎనలిస్టులతో మాటల్లో వాళ్ళే చెప్తుంటారు: మొదటి రౌండ్ ప్రత్యర్థి మీద రాసిన రిపోర్టుని ఆటగాళ్ళు అంత శ్రద్ధగా చూడరని. ఫారో లీగ్ మ్యాచ్‌ల వీడియో చాలావరకు ఒకే కెమెరాతో, దూరం నుంచి తీసింది. డిఫెన్స్ లైన్ ఎలా కదులుతుందో అందులో సరిగ్గా కనిపించదు. అదే ఫారో క్లబ్ కూర్చుని పెద్ద క్లబ్ మ్యాచ్‌లని పూర్తి టీవీ ప్రసారంలో ఎన్నైనా చూడొచ్చు. సమాచారం విషయంలో చిన్న క్లబ్బుదే పైచేయి అవుతుంది, ఫుట్‌బాల్‌లో ఇలా చాలా అరుదుగా జరుగుతుంది.

అయితే క్యాలెండర్ ఒక్కటే కారణం అనుకోవద్దు. స్వీడన్, నార్వే లీగులు కూడా వేసవిలోనే నడుస్తాయి. హాకెన్‌ని దాటినప్పుడు, మోల్డే మీద గెలిచినప్పుడు కేఐకి ఆ లాభం లేదు. అక్కడ గెలిపించింది ఆటే.

ఇదే క్యాలెండర్ తర్వాత ఎదురు తిరుగుతుంది. కేఐ గ్రూప్ ఫలితాలు వరసగా చూడండి. సెప్టెంబర్‌లో స్లోవాన్ బ్రాటిస్లావా చేతిలో 1-2. అక్టోబర్ 5న రాజధాని టోర్షావ్న్‌లో లీల్‌తో 0-0. అక్టోబర్ 26న స్లొవేనియా క్లబ్ ఒలింపియా లుబ్లియానా మీద 3-0. అప్పటికి 4 పాయింట్లు. ఆ తర్వాత ఇంట్లో లీగ్ ముగిసింది. నవంబర్, డిసెంబర్‌లలో మూడు మ్యాచ్‌లు, మూడూ ఓటమే: ఒలింపియా దగ్గర 0-2, స్లోవాన్‌తో 1-2, లీల్‌లో 0-3. వారానికి ఒక గట్టి మ్యాచ్ లేకుండా, ప్రాక్టీసు మీదే రెండు మూడు వారాలు గడిపి యూరప్ మ్యాచ్‌లోకి దిగితే కాళ్ళు కదలవు. ప్రత్యర్థులు మాత్రం అప్పటికి సీజన్ మధ్యలో ఉంటారు. ఆ గ్రూపులో కేఐ ఆఖరి స్థానంలోనే ముగించింది. కానీ ఆ 4 పాయింట్లని నేను చిన్నవిగా చూడను. అదే ఏడాది గ్రూప్ దశ ఆడిన బ్రేదాబ్లిక్ ఆరు మ్యాచ్‌లూ ఓడింది.

మైదానం, గాలి, ప్రయాణం

ఫారో మైదానాలు చాలావరకు కృత్రిమ గడ్డివి. బంతి వేగంగా కదులుతుంది. దానికి గాలి తోడు. టోర్షావ్న్‌లోని టోర్స్‌వోలూర్ స్టేడియంలో కూర్చుని చూస్తే గోల్ కీపర్ కొట్టిన పొడవాటి బంతి గాల్లో ఆగి పక్కకి జారడం స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి ఆటగాళ్ళు చిన్నప్పటి నుంచి అలాంటి బంతికి ఎక్కడ నిలబడాలో నేర్చుకుని ఉంటారు. వచ్చినవాళ్ళు ఒక గంట ప్రాక్టీసులో నేర్చుకోలేరు.

దేశం మొత్తానికీ ఉన్న విమానాశ్రయం ఒక్కటే, వాగార్ దీవిలో. పొగమంచు పట్టి విమానం దిగలేక వెనక్కి తిరగడం నాకూ అనుభవమే. ప్రత్యర్థి జట్టు ప్రయాణం ప్లాన్ ఒక్కోసారి దీంతోనే తలకిందులవుతుంది.

అలాగని ఇంటి లాభం అంతా కేఐకే దక్కలేదు. రౌండ్లు పైకి పోయేకొద్దీ యూఈఎఫ్ఏ స్టేడియం నిబంధనలు కఠినమవుతాయి. గ్రూప్ మ్యాచ్‌లకి క్లాక్స్‌విక్ మైదానం సరిపోలేదు, టోర్షావ్న్‌లో ఆడాల్సి వచ్చింది. మంచి విషయం ఏమిటంటే ఇప్పుడు ఆ ప్రయాణం పెద్ద కష్టం కాదు. 2006లో తెరిచిన సొరంగం క్లాక్స్‌విక్‌ని పక్క దీవితో కలిపింది. 2020 డిసెంబర్‌లో తెరిచిన 11 కిలోమీటర్ల సముద్రగర్భ సొరంగం రాజధానికి దారి దగ్గర చేసింది. ఐస్‌లాండ్ క్లబ్ వికింగుర్ రేక్‌యావిక్ పరిస్థితి ఇంకా కష్టం. 2025 ఫిబ్రవరిలో కాన్ఫరెన్స్ లీగ్ నాకౌట్‌లో పనాథినైకోస్‌తో తమ 'హోమ్' మ్యాచ్‌ని ఫిన్లాండ్‌లోని హెల్సింకీకి వెళ్ళి ఆడాల్సి వచ్చింది. అక్కడ 2-1తో గెలిచారు కూడా, తర్వాత గ్రీస్‌లో 0-2తో ఓడిపోయారు. సొంత జనం ముందు ఆ మొదటి మ్యాచ్ ఆడి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇది ఒక్క రోజులో రాలేదు

1990 సెప్టెంబర్ 12న ఫారో జాతీయ జట్టు తన మొట్టమొదటి పోటీ మ్యాచ్‌లో ఆస్ట్రియాని 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది టోర్కిల్ నీల్సన్, ఉన్ని టోపీ పెట్టుకుని గోల్ కాపాడింది యెన్స్ మార్టిన్ క్నూడ్సన్. ఆ మ్యాచ్ స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో జరిగింది, ఎందుకంటే అప్పటికి ఫారోలో అంతర్జాతీయ మ్యాచ్‌కి పనికొచ్చే గడ్డి మైదానం ఒక్కటి కూడా లేదు. ఆ గెలుపు అందరికీ గుర్తుంది. క్లబ్బుల కథ మాత్రం చాలా నెమ్మదిగా నడిచింది.

ఫారో క్లబ్బులు యూరప్ టోర్నీల్లోకి వచ్చింది 1992లో. కేఐ మొదటి ప్రయత్నంలో లాట్వియా క్లబ్ స్కోంటో చేతిలో ఓడింది. టోర్షావ్న్ క్లబ్ బీ36 మాల్టా చాంపియన్ బిర్కిర్కారాని దాటింది 2006లో, అంటే 14 ఏళ్ళ తర్వాత. ఆ వెంటనే ఫెనర్‌బాచె చేతిలో రెండు మ్యాచ్‌లలో కలిపి 9 గోల్స్ తిన్నారు. 2014లో వికింగుర్ అనే క్లబ్ (ఇది ఫారోలోని గోట ఊరి క్లబ్, పైన చెప్పిన ఐస్‌లాండ్‌ది వేరు) నార్వే జట్టు ట్రోమ్సోని దాటింది. 2020లో కేఐ జార్జియా జట్టు దినామో ట్బిలిసిని 6-1తో ఓడించి, గ్రూప్ దశకి ఒక్క మ్యాచ్ దూరంలో ఐర్లాండ్ క్లబ్ డండాక్ చేతిలో 1-3తో ఆగిపోయింది. 2023 నాటికి ఆ ఊరికి యూరప్ మ్యాచ్ అంటే కొత్త కాదు, భయం కాదు.

ఈ మధ్యలో జరిగిన పని టీవీలో కనిపించేది కాదు. ఊరూరా కృత్రిమ గడ్డి మైదానాలు, లైట్లు, లైసెన్సున్న కోచ్‌లు. యూఈఎఫ్ఏ తన సభ్య సంఘాలకి మౌలిక సదుపాయాల కోసం ఇచ్చే నిధులు ఇక్కడ నిజంగా మైదానాలుగా మారాయి. ఐదారేళ్ళ పిల్లలు కూడా డిసెంబర్ చీకట్లో లైట్ల కింద ప్రాక్టీసు చేయడం అక్కడ మామూలు విషయం.

ఆటగాళ్ళలో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. మా క్లబ్‌కి ఒకసారి ఫారో నుంచి ఒక మిడ్‌ఫీల్డర్ ట్రయల్‌కి వచ్చాడు. అక్కడ పొద్దున చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు, సాయంత్రం ప్రాక్టీసు. పరుగు పరీక్షల్లో మా కుర్రాళ్ళకి ఏమాత్రం తగ్గలేదు. తేడా ఎక్కడ కనిపించిందంటే ఇరుకు చోట్లో బంతి వచ్చినప్పుడు. తర్వాతి పాస్ ఎక్కడికో తేల్చుకోవడానికి అరక్షణం ఎక్కువ పట్టేది. రోజూ వేగంగా ఆడేవాళ్ళ మధ్య కొన్ని నెలలు ఉన్నాక అది పోయింది. నా అనుభవంలో చిన్న దేశం ఆటగాడికి, మధ్యస్థాయి లీగ్ ఆటగాడికి ఉన్న దూరం శరీరంలో లేదు, ఆట వేగానికి అలవాటు పడటంలో ఉంది. యూరప్ మ్యాచ్‌లు ఎక్కువ ఆడే క్లబ్ క్రమంగా మెరుగవడానికి కారణం ఇదే.

ఇక్కడే చిన్న క్లబ్ కష్టం కూడా ఉంది. బాగుపడ్డవాడు వెళ్ళిపోతాడు. కోచ్ కూడా వెళ్ళిపోతాడు. కేఐని కొన్నేళ్ళపాటు తీర్చిదిద్దిన మిక్యాల్ థామసన్ 2023కి ముందే నార్వేలోని ఫ్రెడ్రిక్‌స్టాడ్‌కి వెళ్ళి, ఆ జట్టుని పై డివిజన్‌కి తెచ్చి, 2024లో నార్వే కప్పు గెలిపించాడు. కేఐ అతని స్థానంలో నార్వే నుంచే మాగ్నె హోసెత్‌ని తెచ్చుకుని, అప్పటికే కుదురుకున్న జట్టుని చెదరకుండా ఉంచింది. బాగా తెలిసిన పద్నాలుగు పదిహేను మంది కలిసి నాలుగైదేళ్ళు ఆడటం చిన్న క్లబ్బుకి ఉన్న అతి పెద్ద ఆస్తి. డబ్బు రాగానే పదిమంది విదేశీయుల్ని కొంటే అదే మొదట పోతుంది.

డబ్బు: వరం, ముప్పు

2021-24 మధ్య లెక్కల ప్రకారం కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశకి చేరిన ప్రతి క్లబ్బుకి 29.4 లక్షల యూరోలు. ఒక్కో గెలుపుకి 5 లక్షలు, డ్రాకి 1.66 లక్షలు. కేఐకి ఒక గెలుపు, ఒక డ్రా కలిపి ఈ పద్దుల కిందే సుమారు 36 లక్షల యూరోలు వచ్చాయి. అప్పటి మారకం ప్రకారం 32 కోట్ల రూపాయలు. అదే టోర్నీ మొదటి క్వాలిఫయింగ్ రౌండ్‌లోనే ఓడి ఇంటికి వచ్చిన క్లబ్బుకి దక్కేది 1.5 లక్షల యూరోలు. ఒకే లీగ్‌లో ఆడే రెండు క్లబ్బుల మధ్య, 5 వేల మంది ఉన్న ఊళ్ళలో, ఒక్క వేసవిలో వచ్చే తేడా ఇది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది ఇదే. బల్గేరియాలో లూడోగొరెట్స్ 2012 నుంచి 2025 వరకు వరసగా 14 టైటిల్స్ గెలిచింది. యూరప్ డబ్బు ఒకే క్లబ్బుకి ఏటా వస్తుంటే, ఆ డబ్బుతో టైటిల్, ఆ టైటిల్‌తో మళ్ళీ యూరప్. ఇంట్లో పోటీ చచ్చిపోతుంది. ఫారోలో ఇంకా అలా జరగలేదు, 2024 టైటిల్ కేఐకి కాకుండా వికింగుర్‌కి దక్కింది. పది జట్ల లీగ్‌లో అది ఆరోగ్యకరమైన సంకేతం. కానీ ఒక క్లబ్ వరసగా మూడు నాలుగుసార్లు లీగ్ దశకి చేరితే ఏమవుతుందో ఆ దేశ సంఘం ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఒక క్లబ్ బాగా ఆడితే దేశానికి వచ్చే లాభం కూడా ఉంది. దేశాల ర్యాంకు కోసం యూఈఎఫ్ఏ గెలుపుకి 2 పాయింట్లు, డ్రాకి 1, క్వాలిఫయింగ్‌లో అందులో సగం ఇస్తుంది. ఆ ఏడాది దేశం నుంచి ఆడిన క్లబ్బులన్నీ తెచ్చిన మొత్తాన్ని క్లబ్బుల సంఖ్యతో భాగిస్తారు, ఐదేళ్ళది కూడతారు. ఆ ర్యాంకును బట్టే వచ్చే సంవత్సరాల్లో ఆ దేశం క్లబ్బులు ఏ రౌండ్ నుంచి మొదలుపెట్టాలో నిర్ణయమవుతుంది. కాబట్టి జులైలో కేఐ ఆడుతుంటే టోర్షావ్న్ క్లబ్బుల అభిమానులు కూడా గెలవాలనే కోరుకుంటారు.

అన్ని చిన్న దేశాలనీ ఒకే గాటన కట్టకండి

2021లో షెరిఫ్ రియల్ మాడ్రిడ్‌ని వాళ్ళ మైదానంలోనే 2-1తో ఓడించింది. చాలామంది చిన్న దేశాల గెలుపుకి దాన్నే ఉదాహరణగా చెప్తారు. నేను చెప్పను. అది మాల్డోవా నుంచి విడిపోయామని చెప్పుకునే ప్రాంతంలో ఒక పెద్ద వ్యాపార సంస్థ నడిపే క్లబ్, జట్టు నిండా విదేశీ ఆటగాళ్ళే. ఆ రాత్రి గెలుపు గోల్ కొట్టిన సెబాస్టియన్ తిల్ లక్సెంబర్గ్ వాడు. మాల్డోవా కుర్రాళ్ళకి దాని నుంచి మిగిలింది తక్కువ. లిక్టెన్‌స్టైన్ క్లబ్ వాడూజ్ 2022లో రాపిడ్ వియన్నాని దాటి గ్రూప్ దశకి చేరింది, కానీ అది ఏడాదంతా ఆడేది స్విట్జర్లాండ్ లీగుల్లో.

ఫారోకి దగ్గరి పోలిక లక్సెంబర్గ్ క్లబ్ డూడెలాంజ్. 2012లో రెడ్ బుల్ సాల్జ్‌బర్గ్‌ని బయట గోల్స్ నియమంతో ఇంటికి పంపింది, 2018లో లెగియా వార్సా, క్లుజ్‌లని దాటి యూరోపా లీగ్ గ్రూప్‌లో ఏసీ మిలన్‌తో ఆడింది. అక్కడ కూడా ఆరేళ్ళ ఓపిక ఉంది. 2016లో లింకన్ రెడ్ ఇంప్స్ సెల్టిక్‌ని 1-0తో ఓడించడం వేరే రకం. పోలీసు ఉద్యోగం చేసే లీ కాసియారో గోల్ కొట్టాడు, రెండో మ్యాచ్‌లో 0-3తో ఓడారు. అదొక గొప్ప రాత్రి. ఒక క్లబ్ నిలదొక్కుకుందా లేదా అని చూడాలంటే నేను ఎప్పుడూ రెండో మ్యాచ్ చూస్తాను. మొదటి మ్యాచ్‌లో ప్రత్యర్థి తేలిగ్గా తీసుకుని ఉండొచ్చు, రెండో దానికి పూర్తిగా సిద్ధమై వస్తాడు. బుడాపెస్ట్‌లో కేఐ గెలిచింది రెండో మ్యాచ్.

హైదరాబాద్ సంగతి

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ చరిత్ర తక్కువేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్లలో ఉన్నాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఆ క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు, ఢిల్లీకి వెళ్ళిపోయింది.

ఫారోలో కేఐని ఎవరూ వేరే ఊరికి తీసుకుపోలేరు. ఆ క్లబ్‌ని నడిపేది ఊరు, అందులో పిల్లల జట్లు, ఆడపిల్లల జట్లు, సీనియర్ జట్టు అన్నీ ఒకే మైదానం చుట్టూ ఉంటాయి. మీరు నేర్చుకోదగ్గది అడిగారు కాబట్టి నా అభిప్రాయం ఇది: ముందు ఒక్కో పేటలో ఏడాది పొడవునా లైట్ల కింద ఆడుకునే మైదానం, దాన్ని చూసుకునే లైసెన్సున్న కోచ్, అదే పిల్లలు పదేళ్ళు అదే రంగు చొక్కాలో ఆడే ఏర్పాటు. కోట్లు పెట్టి పై నుంచి దించిన జట్టు ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. మల్కాజిగిరిలోనో బొల్లారంలోనో అలాంటి క్లబ్ ఎవరైనా నడుపుతుంటే వాళ్ళకి డబ్బుకంటే ముందు కావాల్సింది మైదానం మీద పదేళ్ళ హక్కు. అక్కడి స్థానిక సంస్థ దగ్గర అడగాల్సింది అదే.

చివరగా, వీటిని మీరే చూడాలనుకుంటే జూన్ మధ్యలో తీసే మొదటి రౌండ్ డ్రా కోసం ఎదురుచూడండి. చాంపియన్ల దారిలో వేసవి లీగ్ జట్టు ఏది, శీతాకాలపు లీగ్ జట్టు ఏది అని విడదీసుకోండి. వేసవి లీగ్ జట్టు మొదటి మ్యాచ్ ఇంట్లో డ్రా చేసుకుంటే దాన్ని వదలకండి, ఆ రెండో మ్యాచ్ తప్పకుండా చూడండి. ఫారో క్లబ్ మ్యాచ్‌లు భారత్‌లో దాదాపు అర్ధరాత్రి వేళకి వస్తాయి. మ్యాచ్ చూశాక ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, తప్పకుండా రాస్తాను.